పాత పునాది

"పునాది పెళ్లగించాల్సిందే," అన్నాడు బొగ్గు గుమాస్తా.

గదిలో అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. భవనాలకు ప్లాన్లు గీసే ఆ ఆఫీసులో అతని పని కర్బన లెక్కలు కట్టడం. ఏ భవనానికి ఎంత సిమెంటు, ఎంత ఇనుము పడుతుంది, వాటి తయారీకి గాలిలోకి ఎంత పొగ పోతుంది, అన్నీ తేల్చి చెప్పాలి. ఆ ముద్దుపేరు అందుకే వచ్చింది. పాత గోడ కూలుస్తామంటే చాలు, కన్నబిడ్డ మీద చెయ్యి పడ్డట్టు మీదికొచ్చే మనిషి. "ఉన్నదాన్ని వాడుకోండయ్యా!" అని చెవిలో జోరీగలా పోరి ఎన్ని గోదాములు నిలబెట్టాడో! అలాంటివాడు ఇవాళ, మూతపడ్డ మిల్లు కింద రాయిలా ఉన్న పునాదిని తవ్వి పారేయమంటున్నాడు.

"గట్టిగానే ఉందిగా?" అంది ఇంజినీరమ్మ. "పరీక్షలు కూడా చేయించాం. దానిమీదే కొత్తది లేపితే బోలెడు సిమెంటు మిగులుతుంది. ఈ పాఠం మాకు చెప్పింది నువ్వే కదా?"

"లెక్క చూడండి మేడమ్. తవ్వడమే మేలు."

చూశారు. ఆఫీసు యజమాని కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాడు. కొత్త సిమెంటు పొగను గుమాస్తా సగానికి సగం తగ్గించి వేశాడు! పసిపిల్లాడు కూడా పట్టేసే దొంగతనం. పాపం, అబద్ధం అలవాటు లేని చెయ్యి మరి.

యజమాని మిగతావాళ్లను బయటికి పంపి తలుపు వేశాడు.

"కూల్చే కాంట్రాక్టరు దగ్గర ఎంత తిన్నావు?"

"పైసా తినలేదు సార్."

"మరి ఈ పాడు పనెందుకు? నిజం చెప్పు, కడుపులో పెట్టుకుంటాను."

చెబుదామనే నోరు తెరిచాడు. కానీ ఆ మిల్లు కట్టించింది ఈయన తండ్రే. తెలిస్తే అక్కడ గునపం కూడా దింపనివ్వడు. "నా లెక్క అదే సార్," అన్నాడు.

"సరే. రేపట్నుంచి రావద్దు. పునాది మాత్రం అక్కడే ఉంటుంది."

ఇంట్లో తల్లి మంచం మీద కూర్చుని ఉంది. పొద్దుటినుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదట.

"ఏమన్నార్రా?"

"ఉద్యోగం పోయిందమ్మా."

"అది పోతే ఇంకోటి. పునాది సంగతి చెప్పు."

"తవ్వరట. దానిమీదే కట్టేస్తారట." అతనికి ఏడుపు ఆగలేదు. "నావల్ల కాలేదమ్మా. ఎంత చెప్పినా ఆగలేదు."

ఆవిడ కళ్లలో చుక్క నీరు రాలేదు. కొడుకు తల నిమిరింది.

"ఆ రోజూ అంతేరా, మీ నాన్న కాలు జారి అందులో పడిపోయాడు, ఆపండయ్యా అని వాళ్ల కాళ్లమీద పడితే, మధ్యలో ఆపితే పునాదికి అతుకు పడుతుందని పైనుంచి కాంక్రీటు పోస్తూనే ఉన్నారు."