ఒక్క సాక్షి చాలు

“మళ్లీ అడుగుతున్నానమ్మా. ఆ చెవి తెగిన ఎలుగు ఈ ఊళ్లో ఎవరి జోలికైనా వచ్చిందా?”

నూకరత్నం తలెత్తలేదు. అరుగు మీద కూర్చుని, చాటలో జీడిపప్పు పోసుకుని, గోటితో పొట్టు తీస్తోంది.

“దాని జోలికి ఎల్లినోలే గాని, అది ఎవలి జోలికీ రానేదు బాబూ” అంది.

ఆనంద్‌కు ప్రాణం ఉసూరుమంది. విశాఖపట్నంలోని కంపెనీ అతన్ని పంపిందే ఈ ఒక్క పని మీద. మందస దగ్గర జీడితోటల అంచున ఆ కంపెనీకి ఒక రిసార్టు ఉంది. అక్కడి వంటింటి ఎంగిళ్లన్నీ వెనక గోడ పక్కన పారబోస్తూ వచ్చారు. ఇంకేముంది, ఎలుగులు మరిగాయి. చేసిన తప్పు దిద్దుకోవడం మానేసి, మేనేజరు కార్తికేయ కంచెకు కరెంటు పెట్టించాడు. పోయిన వారం ఆ తీగ తగిలి చెవి తెగిన తల్లి ఎలుగు ఒకటి చచ్చిపోయింది. దాని కూనలు రెండూ పొద్దెక్కేదాకా తల్లిని వదల్లేదట. అటవీశాఖ వాళ్లొచ్చి వాటిని జూకు తీసుకెళ్లారు, కంపెనీ మీద కేసు పెట్టారు.

కేసు సంగతి కోర్టు చూసుకుంటుంది. ఊరు మాత్రం రిసార్టు దారికి అడ్డంగా బైఠాయించింది. తీగ పీకెయ్యాలి, ఎంగిళ్లు పారబొయ్యడం మానాలి, ఎలుగులు గెడ్డలో నీళ్లకు వెళ్లే దారి వదలాలి, కూనల్ని కంపెనీయే పోషించాలి. అప్పుడే రాజీ అంది.

కంపెనీ వకీలు ఊరుకుంటాడా? ఒక మెలిక పెట్టాడు. అది మనుషుల మీద పడే ఎలుగని ఒక్క సాక్షి చెబితే చాలు, ప్రాణభయంతో కంచె వేశామని వాదించొచ్చు. రాజీ అక్కర్లేదు, తీగ తియ్యక్కర్లేదు. కాకపోతే ‘ఏదో ఎలుగు’ అంటే కుదరదు. ఆ చెవి తెగినదే అని చెప్పాలి.

ఆనంద్ ఇల్లిల్లూ తిరిగాడు. ఏ గడప ఎక్కినా ఒకటే మాట. “మమ్మల్నేటి అడుగుతారు బాబూ, నూకరత్నమ్మని అడగండి.” ఆమె తోట రిసార్టు గోడను ఆనుకుని ఉంది కాబట్టి కాబోలు అనుకున్నాడు.

ఇంతలో ఫోన్ మోగింది. కార్తికేయ.

“సాక్షి దొరక్కపోతే తయారుచేద్దాం సార్. నూకయ్యని ఒకడున్నాడు. సీసా ఇప్పిస్తే తనని తిమింగలం కరిచిందని కూడా చెప్తాడు.”

ఆనంద్ ఫోన్ పెట్టేశాడు.

“అమ్మా, మీరు ఒక్క మాట చెబితే కంపెనీ మిమ్మల్ని ఊరికే వదలదు. ఇల్లు బాగుచేయిస్తుంది” అన్నాడు. ఆ మాట తన నోటినుంచి వస్తుంటే తనకే సిగ్గేసింది.

ఆమె నవ్వింది. “ఇల్లు బాగానే ఉంది నాయనా. ఆ తీగే బాగునేదు. రేపు మా ఆడోలు తెల్లారగట్ల జీడిపిక్కలు ఏరతా ఎవలో ఒకలు దాని మీద సెయ్యేత్తారు. కరెంటుకి ఎలుగేటి, మనిసేటి?”

“మరి ఎలుగులంటే మీకు భయం లేదా?”

“బయం నేకేటి? అందుకే డబ్బా కొట్టుకుంటా తోటలోకి ఎల్తాం. ఆ సప్పుడికి అది పిల్లల్ని తోలుకుని పక్కకి పోతాది. దాని దారి దానిదే, మన దారి మనదే. మా తాతల కాడి నుంచీ ఇదే పద్దతి.”

“ఎవరైనా డబ్బా కొట్టకుండా వెళ్తే?”

ఆమె వేళ్లు ఆగాయి. కాసేపు తోటవైపు చూసింది.

“అలగెల్తే ఎల్లినోడిదే తప్పు. పిల్లల్ని పక్కనెట్టుకున్న తల్లి, మనిసి మీదకొచ్చేత్తే ఊరుకుంటాదేటి? నానైనా ఊరుకోను.”

అని, గుప్పెడు పప్పు తీసి అతని చేతిలో పోసింది. “తిను బాబూ. ఎండలో పడి తిరిగి మొహం పీక్కుపోయింది. మీ అమ్మ సూత్తే ఏడుత్తాది.”

ఆనంద్ ఒక పప్పు నోట్లో వేసుకుని లేచాడు. వీధిలోకి వచ్చి కంపెనీ యజమానురాలు హేమలతకు ఫోన్ చేశాడు.

“సాక్షి లేడు మేడం. కొనొచ్చట. నేను కొనను. ఎంగిళ్లు పోసి పిలిచింది మనం, తీగ పెట్టి చంపింది మనం. తప్పు మనదే. నా ఉద్యోగం తీసేసినా ఇదే మాట.”



“ఆ కూనలు... బాగానే ఉన్నాయా?” అందామె.

“పాలు తాగుతున్నాయట మేడం.”

“వాళ్లు అడిగినవన్నీ ఒప్పుకో. ముందు ఆ తీగ పీకించు. సంతకం పెట్టడానికి నేనే వస్తాను.”

సాయంత్రానికి తీగ చుట్టలు చుట్టి లారీలో పడింది. కార్తికేయ మొహం చూడాలి, ఆముదం తాగినట్టే ఉంది! ఊళ్లో ఆడవాళ్లు ఈలలు వెయ్యడం ఒక్కటే తక్కువ. ఆనంద్‌కు మాత్రం ఏళ్ల తర్వాత కడుపునిండా గాలి పీల్చినట్టు అనిపించింది.

అతన్ని పలాస స్టేషనుకు తీసుకెళ్తున్న ఆటో అప్పలరాజుది. ఆ ఊరివాడే.

“ఊరంతా గాలించినా ఒక్క సాక్షి దొరకలేదు అప్పలరాజూ. దొరక్కపోవడమే మంచిదైంది” అన్నాడు ఆనంద్ నవ్వుతూ.

“బలేవోరే! సంకలో పిల్లనెట్టుకుని ఊరంతా ఎతికినట్టుంది బాబూ మీ యవ్వారం.”

“అదేంటి?”

అప్పలరాజు ఆటో నెమ్మది చేశాడు.

“నూకరత్నమ్మ కొడుకుని సంపింది ఆ ఎలుగే బాబూ.”