నూట నలభై కిలోలు

సిలిండర్‌లో ఒత్తిడి చూపించే పాత గేజి కిందపడి పగిలింది ఆదివారం మధ్యాహ్నం. ఖాళీ అయిన ఆక్సిజన్ సిలిండర్ నుంచి విప్పి కొత్తదానికి బిగించబోతుంటే దేవప్రసాద్ చేయి జారింది. మంచం మీద అతని భార్య లూర్దు మేరీ మాస్కు పెట్టుకుని అటే చూస్తోంది. ఆక్సిజన్ లేకుండా ఆమె అరగంటకు మించి ఉండకూడదన్నారు డాక్టరు.

మేరీ తమ్ముడు జాన్ బాబు బండి మీద గవరపాలెం పోయి, తెలిసిన కాంపౌండరు దగ్గర వేరే గేజి పట్టుకొచ్చాడు. ఇద్దరూ కలిసి బిగించారు. సిలిండర్ తల మీది తాళం తిప్పగానే ముల్లు లేచి నూట నలభై దగ్గర నిలిచింది.

"ఏటి బావా ఇది? పాతదాంట్లో రెండువేలు సూపించేది కదా. ఖాళీ సిలిండర్ అంటగట్టేడు ఆ వైజాగ్ షాపోడు."

"తొందరపడకు."

"ఇప్పేసి ఆటోలో ఏసుకుని వైజాగ్ పోతాను. మార్పించి తెచ్చేత్తాను."

"అందాకా మీ అక్క ఏం పీలుస్తుంది?" దేవప్రసాద్ చేయి అడ్డం పెట్టాడు. "ముందు గేజి మీద ఏం రాసుందో చదువు."

జాన్ బాబు వంగి చూశాడు. "కేజీలని ఉంది."

"పాతదాని మీద పౌండ్లని ఉండేది. అదీ తేడా."

దేవప్రసాద్ హైస్కూల్లో ఫిజిక్సు మేష్టారు. సెలవు రోజు కూడా జేబులో చాక్‌పీసు ఉంటుంది. నల్లటి సిలిండర్ ఒంటి మీదే రాయడం మొదలుపెట్టాడు.

"కిలో అంటే రెండు పాయింట్ రెండు పౌండ్లు. ఈ గేజి చదరపు సెంటీమీటరు మీద ఒత్తిడి చెబుతుంది, పాతది చదరపు అంగుళం మీద చెప్పేది. చదరపు అంగుళంలో ఆరున్నర చదరపు సెంటీమీటర్లు పడతాయి. రెండూ గుణించు."

"నువ్వే గుణించు బావా. నేను టెన్త్ తప్పింది నీ సబ్జెక్టులోనే."

"పద్నాలుగు చిల్లర. దాన్ని నూట నలభైతో గుణిస్తే?"

జాన్ బాబు చాక్‌పీసు రాతల వెంట వేలు జరిపాడు. "రెండువేలకి దగ్గర దగ్గర."

"మరి ఖాళీయా, నిండా?"

మేరీ మాస్కు కాస్త పక్కకి లాగింది. "పెళ్లిలో ఫాదరుగారు... ఉంగరం ఏదంటే... దాని చుట్టుకొలత చెప్పేరు ఈయన."

జాన్ బాబు పగలబడి నవ్వాడు. దేవప్రసాద్ కూడా నవ్వి, ఆమె మాస్కు సరిచేసి, దుప్పటి భుజాల దాకా కప్పాడు.

"రేపు సాయంత్రం దాకా ఢోకా లేదు" అన్నాడు.

"నువ్వు ఆపబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి హైవే ఎక్కేసుందును."

జాన్ బాబు వంటింట్లోకి వెళ్లి రెండు గ్లాసుల్లో టీ తెచ్చాడు. మంచం పక్కనే కూర్చుని తాగారు. మేరీ కళ్లు మూసుకుంది.

"పాపం, నిద్ర పట్టినట్టుంది" అన్నాడు దేవప్రసాద్ గొంతు తగ్గించి.

జాన్ బాబు గేజి వైపు చూశాడు. "సూడు బావా, ముల్లు ఇసుమంత కూడా దిగలేదు."

"చెప్పాను కదా, నిండు సిలిండర్ అని."

సిలిండర్ తాళం తీశారు. లెక్క సరిగ్గా కట్టారు. గేజి పక్కన, మాస్కులోకి ఆక్సిజన్ వదిలే మర ఇంకా ఎవరూ తిప్పలేదు.