దొరసాని ఇంట్ల విందు

మూడో కప్పు చాయ కూడా యేసుదాసు చేతికొచ్చింది. దొరసాని మాత్రం రాలే.

"తాగు, తాగు. ఆమె కోసం ఇంత దూరం వచ్చినవంటే మాకు చెప్పరానంత సంతోషం," అన్నడు రాబర్ట్. దొరసాని తమ్ముని కొడుకు, ఆరడుగుల మనిషి. మాంసం ముక్కలు పెట్టిన రొట్టెలు ఇంకో రెండు పళ్లెంల పెట్టి పోయిండు.

యేసుదాసు గడియారం చూసుకున్నడు. నాలుగున్నర. ఆరింటికి బస్సు, రోజుకు అదొక్కటే. అది తప్పితే ఓడ తప్పుతది, ఓడ తప్పితే లండన్‌ల విమానం తప్పుతది. మందమర్రి బడి పంతులుకు ఇంకో టికెట్ కొనే తాహతు ఏడున్నది? చర్చి వాళ్లు సభ ఉన్నదని లండన్‌కు పంపితే, సభ అయిపోయినంక మిగిలిన వారం రోజులల్ల వీపుకు సంచి తగిలించుకొని, చుట్టూ సముద్రమే ఉన్న ఈ ఐర్లాండు దేశంల పడ్డడు. బస్సులు కొన్ని, నడక కొంత, వాన మాత్రం దారిపొడుగునా.

వచ్చింది ఒక్క మాట కోసం. మన దిక్కు కొత్త మనిషి కనబడితే పేరు తర్వాత, ముందు "మీరు ఎవరోళ్లు?" అని అడుగుతరు. సుల్తానాబాద్‌ల బస్సెక్కినా అదే ప్రశ్న, పిల్లను చూడబోయినా అదే ప్రశ్న. ప్రభువును నమ్ముకున్నోళ్లను కూడా అది వదలదు. యేసుదాసు దగ్గర దానికి జవాబు లేదు. వాళ్లవ్వను, కన్నతల్లి ఎలీసబెతును, రెండు దినాల పసిగుడ్డుగా ఉన్నప్పుడే ఎవరో మిషన్ దవాఖాన అరుగు మీద పండబెట్టి పోయిండ్రు. పేరు పెట్టి పెంచింది ఆ దవాఖానల పనిచేసే హెలెన్ దొరసాని. పండబెట్టినోళ్లు ఎవరో ఆమెకొక్కదానికే ఎరుక. అడిగినప్పుడల్లా మాట దాటేసింది, ఆఖరికి రిటైరై సొంత దేశం పోయింది. పోయిన క్రిస్మస్‌కు మాత్రం ఉత్తరం రాసింది. ఇది కాగితం మీద పెట్టే ముచ్చట కాదు, మీలో ఎవరన్న వస్తే ముఖాముఖి చెప్త అని.

"పేరు చెప్పకున్నా మానె. ఊరన్న అడుక్కొని రా కొడుకా," అన్నది అవ్వ.

ఇక్కడి మనుషులు మంచోళ్లు, కాదనరాదు. కాని ఆ మంచితనంతోనే యేసుదాసు పానం విసిగింది. దొరసాని పేరు చెప్పంగనే పాలవ్యాను డ్రైవరు టోపీ తీసి, పక్కన కూసోబెట్టుకొని, తన దారి మార్చుకొని మరీ ఊర్లె దించిండు. కిరాణం ముసలామె దుకాణానికి తాళమేసి, తనే వెంట నడిచి ఇల్లు చూపించింది. ఇంట్ల చూస్తే నలభై మంది. చాయలు, కేకులు, రొట్టెలు, పొయ్యి మీద గిన్నె దిగుతలేదు. ఒకటే నవ్వులు. ఇయ్యాల వస్తున్నని ముందే కార్డు రాసిన గద, నా కోసమే ఊరందర్ని పిలిచినట్టున్నది అని యేసుదాసుకు లోపల పొంగింది కూడా. పొంగింది గంటసేపు. తర్వాత మండుడు షురువైంది.

ఎందుకంటే ఎవరూ ఆమె దగ్గరికి తోలుకపోరు. అడిగితే, లోపలి అర్రల ఉన్నది, చూద్దువు తియ్యి, తొందరేంది అంటరు. ఒకరు వచ్చి చెయ్యి కలుపుతరు. ఇంకొకరు కరీంనగర్ దిక్కు ఆమె ఎట్లుండేదో చెప్పమంటరు. చెప్పిండు. ఎడ్లబండిల ఊరూరు తిరిగి కాన్పులు చేసిందని, మందు మింగని ముసలోళ్లను అచ్చ తెలుగుల తిట్టేదని. ఆ తిట్లు తిట్టి చూపించమన్నరు. తిట్టిండు. ఇంట్లున్నోళ్లంత విరగబడి నవ్విండ్రు, ఒక ముసలాయన నవ్వి నవ్వి కండ్లు తుడుచుకున్నడు. ఇంకోటి తిట్టమన్నరు. ఇదేం పరేషాన్ర దేవుడా, నేను సముద్రాలు దాటి వచ్చింది వీళ్లకు తిట్లు నేర్పేటందుకా అని పండ్లు కొరుక్కున్నడు యేసుదాసు.

ఐదున్నరైంది. పళ్లెంల కేకు ముక్క పడ్డది. ఇగ ఓపిక తెగింది. పళ్లెం బల్ల మీద పెట్టి లేచిండు.

"నాకు బస్సుంది, రాబర్ట్. కేకు వద్దు, చాయ వద్దు. ఆమెను ఒక్క మాట అడగాలె. అడగనిస్తరా, పొమ్మంటరా?"

గొంతు లేచింది. అందరు ఇటు తిరిగి చూసిండ్రు. యేసుదాసుకే సిగ్గనిపించింది. రాబర్ట్ మాత్రం కోపం చేయలే. భుజం మీద చెయ్యేసి నడిపించుకపోయి లోపలి అర్ర తలుపు తీసిండు.

"ఎంతసేపైనా మాట్లాడుకో. పొద్దటి సంది మేమందరం మాట్లాడినోళ్లమే. నీ భాషలనే మాట్లాడు."

యేసుదాసు అలవాటు కొద్ది బూట్లు విడిచి లోపలికి పోయిండు. పరదాలు దించి ఉన్నయి. మంచం మీద దొరసాని కండ్లు మూసుకొని ఉన్నది, తెల్లటి జుట్టు నున్నగ దువ్వి ఉన్నది. ఇటొకామె అటొకామె కూసున్నరు. ఒకామె లేచి తన కుర్చీ ఇచ్చింది. ఎనభై ఎనిమిదేండ్ల మనిషి, అంత లొల్లిల కూడా కునుకు పట్టినట్టున్నది. లేపుడు పాపమే, కాని బస్సు ఆగదు.

వంగి చెవి దగ్గర మెల్లగ అడిగిండు. "అమ్మా, నేను ఎలీసబెతు కొడుకును. వచ్చిన. మా అవ్వది ఏ ఊరు?"

ఉలుకు లేదు, పలుకు లేదు. జర గట్టిగ అడిగిండు. అవతల మళ్ల నవ్వులు మొదలైనయి, ఎవరో ఇంకో విడత చాయకు నీళ్లు పెడుతున్నరు. మూడోసారి అడిగి, ఆమె పెదవుల దగ్గర చెవి పెట్టి ఆగిండు. ఊరి పేరే గద, గొంతు లేవకున్నా సరే, గొణిగినా చాలు అనుకున్నడు.

కుర్చీ ఇచ్చినామె అతని చెయ్యి పట్టుకున్నది. బస్సు పోతే పోనియ్యి నాయనా, మా ఇంట్ల ఉండు, ఇట్ల తినుకుంట నవ్వుకుంట తెల్లారేదాంక ఆమెకు తోడుండుడు మా దిక్కు రివాజు, పొద్దుగాల అందరితోపాటు నువ్వు కూడా చర్చికి రా అన్నది.

"రేపు పదకొండింటికి భూస్థాపన."