అరిగిన టైరు

ఘాట్ రోడ్డు మలుపులో సింహాద్రి కారు తనంతట తానే ఆగిపోయింది. వెనక టైరు అరిగి పగుళ్లు తీసిందని, ఇక ఇద్దరినే, అదీ నడక వేగంతోనే కొండ దించగలనని చెప్పింది. కార్లకు స్టీరింగు తీసేసి చాలా ఏళ్లయింది. బతిమాలినా లాభం లేదు. లోపల అతని భార్య గౌరీశ్వరి పురిటి నొప్పులతో, తల్లి ఒళ్లో తలపెట్టి మూలుగుతోంది.

"నువ్వుండత్తా, పురుడు సంగతి నాకేటి తెలుస్తాది?" అంటూ సింహాద్రి దిగిపోయాడు.

కారు కదిలింది. గౌరీశ్వరి కిటికీలోంచి చెయ్యి చాచింది.

"నన్నొగ్గీకు."

అతను ఆ చెయ్యి పట్టుకుని కొండ దిగువనున్న ఆసుపత్రి దాకా కారు పక్కనే నడిచాడు. గుమ్మం దగ్గర నర్సు, "ఇంక వదలండి బాబూ" అంది.

అతను ఎప్పుడో వేళ్లు సడలించాడు. వదలనిది గౌరీశ్వరే. చివరికి అతన్నీ లోపలికి రానిచ్చారు. కూతురు పుట్టినప్పుడు కూడా అతని చెయ్యి ఆమె గుప్పిట్లోనే ఉంది.