శుభలేఖ మీద ఇంటూ

మూడు రోజుల ముసురు తర్వాత ఆ ఉదయం దీవిలోని మాయాబందర్ మీద ఆకాశం తెరిపిచ్చింది. ఆకాశం తెరిపిస్తే తప్ప ఊళ్లో నెట్ పలకదు. పలికిందని కబురు రాగానే గణేశ్వరరావు తన తాళ్ల కొట్టు వదిలి, పక్కనున్న తిరుమలేష్ నెట్ కొట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కూతురి శుభలేఖ మెయిల్లో వచ్చింది.

పైన పసుపురంగు అంచు. కింద పేర్లు, ముహూర్తం. ప్రత్యూష ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ పెట్టె, అందులో ఎర్రగా ఇంటూ. పెళ్లికొడుకు భానుప్రకాష్ ఫొటో చోట ఇంకో పెట్టె, ఇంకో ఇంటూ.

"ఏటిది?" అన్నాడు.

"అరే భయ్యా, నేనేం నొక్కలేదు. వచ్చిందే అలా వచ్చింది."

"పెళ్లికూతురికి ఎవడైనా ఇంటూ కొడతాడా?"

"పెళ్లికొడుక్కీ కొట్టారు కదా. హిసాబ్ బరాబర్."

"నవ్వింది చాలు. రంగుల్లో అచ్చు తియ్యి."

ఇంట్లో భార్య సింహాచలమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"సంబంధం వద్దనుకుంటే నోటితో చెప్పాలి. ఇలా కొట్టేస్తారా?" అన్నాడు గణేశ్వరరావు. "ఫోన్ చేసి అడిగేస్తాను."

"ఇలాటివి ఫోన్లో అడుగుతారేటి? ఎదురుగా కూకోబెట్టి అడగాల."

"ఆళ్ల ఊరు గరాచర్మ ఎల్లాలంటే రెండు సముద్రపు పాయలు దాటాల."

"నిజమే. నీకు నీళ్లు పడవు కదా. పోనీలే, పెళ్లికి కన్నారావు ఎలాగూ ఎల్తాడు. కాళ్లు కడిగాక అడుగుతాడు."

గణేశ్వరరావు కాగితం మడిచాడు. సునామీ నాడు జెట్టీ తన కాళ్ల కిందే విరిగితే తాడు పట్టుకుని వేలాడిన మనిషి అతను. అప్పటినుంచీ ఉప్పునీళ్ల మీద కాలు పెట్టలేదు. వాళ్ల ఆనవాయితీలో పెళ్లి మగపిల్లవాడి ఇంట్లోనే చెయ్యాలి. ఆ ఇల్లేమో పోర్ట్‌బ్లెయిర్ పక్కన. అందుకే పెళ్లికి రానని, తన బదులు తమ్ముడు కన్నారావు అల్లుడి కాళ్లు కడుగుతాడని చెప్పేశాడు. కూతురు "సరే నాన్నా" అని ఫోన్ పెట్టేసింది. ఏడ్చినా బాగుండేది.

"పెళ్లి వేరు, తగువు వేరు," అన్నాడు చివరికి. "రేపటి బస్సుకి ఎల్తాను. వాళ్లకి ముందుగా చెప్పకు."

"నాకేటి పని," అంటూ సింహాచలమ్మ దారిలోకి పులిహోరకి చింతపండు నానేసింది.

మొదటి పాయ దగ్గర బస్సు ఫెర్రీ మీదికెక్కింది. జనం దిగి కమ్మీ పట్టుకున్నారు. గణేశ్వరరావు కాగితం పట్టుకున్నాడు. కాళ్ల కింద ఇనుపరేకు వణుకుతుంటే, అడగాల్సిన మాటలు ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంటూ పెదాలు కదిపాడు. రెండో పాయలో తుంపర వచ్చి ముఖాన కొట్టింది. మోచేత్తో తుడుచుకుని, కాగితం తడవకుండా చొక్కా లోపల దోపుకున్నాడు.

చీకటిపడే వేళకి గరాచర్మ చేరాడు. భానుప్రకాష్ వాకిట్లోనే ఉన్నాడు.

"రండి మామయ్యా."

"వస్తాన్లే. ముందు ఇదేటో చెప్పు బాబూ."

భానుప్రకాష్ కాగితం చూసి, అతన్ని లోపలికి తీసుకెళ్లి తన కంప్యూటర్లో అదే శుభలేఖ తెరిచాడు. రెండు ఫొటోలూ కళకళలాడుతున్నాయి.

"మీ ఇంట్లో ఉంటే సరా? మా ఇంటికొచ్చేసరికి మా పిల్లకి ఇంటూ పడింది."

"ఫొటోలు మెయిల్లో పెట్టకుండా, నా కంప్యూటర్లో అవి దాచిన చోటు మాత్రం రాస్తే అలాగే అవుతుందండి. మీ ఊరి కంప్యూటర్ ఆ చోటు తన దగ్గర వెతుక్కుంది. దొరక్క ఇంటూ వేసింది."

"అంటే మీరెవరూ కొట్టలేదా?"

"అయ్యో, లేదండి."

గణేశ్వరరావు కుర్చీలో కూలబడ్డాడు. దారంతా పేర్చుకొచ్చిన మాటలు దేనికీ పనికిరాకుండా పోయాయి. "మా అమ్మాయిని అడిగినా నేర్పును కదా. ట్రావెల్ ఆఫీసులో దాని పనే అది. అది పంపిన బొమ్మ ఢిల్లీలో తెరిచినా చెక్కు చెదరదంట."

"అవునండి," అన్నాడు భానుప్రకాష్. చెవులు ఎర్రబడ్డాయి.

దగ్గర్లోని డాలీగంజ్‌లో మేనత్త దగ్గర ఉండే ప్రత్యూష, ఎప్పుడొచ్చిందో, వంటింట్లోంచి మంచినీళ్లు తెచ్చింది.

"పాయలు ఎలా దాటావు నాన్నా?"

"ఎలాగేటి, ఫెర్రీ మీదే..." అని ఆగిపోయాడు. తన కాళ్లకేసి చూసుకున్నాడు. చెప్పుల అంచున ఉప్పు తెల్లగా ఎండి ఉంది.

"రెండూనా?"

"రెండూ." గ్లాసు ఖాళీ చేసి అన్నాడు. "చిన్నాన్నకి ఫోన్ చెయ్యమ్మా. కాళ్లు నేనే కడుగుతానని చెప్పు."

ప్రత్యూష గ్లాసు తీసుకుని గబగబా లోపలికి వెళ్లిపోయింది.

భోజనాలకి కూర్చున్నారు. చింతకాయ వేసి వండిన నెత్తళ్లు. ఆ చేపలంటే గణేశ్వరరావుకి ప్రాణం.

"మొహమాటపడకండి అన్నయ్యగారూ," అంది భానుప్రకాష్ తల్లి అచ్చమ్మ. "మా చెల్లెలు విశాఖ నుంచి ఫోన్ చేసింది. మెయిల్లో మీ అమ్మాయి బొమ్మ ఎంత బాగా పడిందో. ముక్కుపుడక కూడా కనబడతందంట."

భానుప్రకాష్‌కి పొలమారింది.

గణేశ్వరరావు చెయ్యి కంచంలో ఆగింది. నెత్తళ్లకేసి చూశాడు. వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు తను. అయినా అతను గడప తొక్కేసరికే పీటలు నాలుగు వేసి ఉన్నాయి.

"ఈ మెయిలు ఎంతమందికి పంపారమ్మా?"

"చుట్టాలందరికీ నాన్నా."

"ఇంటూలు ఎంతమందికి?"

గణేశ్వరరావు మళ్లీ అడగలేదు, అన్నం కలుపుకున్నాడు. నలుగురూ తలలు వంచుకుని తింటున్నారు. కంచం సగమయ్యాక ప్రత్యూష తల ఎత్తకుండానే ఎడమచేతి వేలు ఒక్కటి పైకెత్తింది.