విరగని ముక్క

లెక్కల మేడమ్ గది తలుపు తోసుకుని ఒక ముసలాయన లోపలికి వచ్చాడు.

"నీ వ్యాసం గురించి మాట్లాడాలమ్మా."

మేడమ్ ప్రాణం ఉసూరుమంది. పొద్దున్నుంచి వరసగా క్లాసులు, ఇంట్లో జ్వరంతో అత్తగారు. లెక్కల్లో లోకాన్ని తలకిందులు చేసేస్తామంటూ నెలకొకరు ఇలా ఊడిపడుతుంటారు కూడాను.

"ఏ వ్యాసమండీ?"

"ఆ పెద్ద సంఖ్య మీద రాశావే, అది."

పెద్దదంటే మామూలు పెద్దది కాదు. రెండును రెండుతో గుణించుకుంటూ పోయి, చివర ఒకటి తీసేస్తే వచ్చింది. రాస్తే పేజీలకు పేజీలు. మేడమ్ నానా తంటాలూ పడి దాన్ని రెండు ముక్కలు చేసింది. పెద్ద ముక్క ఇక విరగదు, అది ప్రధాన సంఖ్యేనని తేల్చింది.

ఆ వ్యాసం అచ్చయితేనే ఉద్యోగం పర్మనెంటు. లేదంటే ఈ ఏడాదితో సరి.

అచ్చు కానిస్తేగా! పత్రికవాళ్ళు వ్యాసాన్ని ఒక పరిశీలకుడికి పంపుతారు. ఆయన పేరు రాసినవాళ్ళకు చెప్పరు. ఆ పేరు లేని మహానుభావుడు మూడేళ్ళుగా ఏదో ఒక కొర్రీ వేసి తిప్పి పంపుతూనే ఉన్నాడు. మేడమ్ ఆయనకు 'జలగ' అని పేరు పెట్టుకుంది. మొన్ననే జలగ వదిలింది. రేపు అచ్చు.

"ఇంకేం మాట్లాడతారండీ? వాళ్ళు ఒప్పేసుకున్నారు."

ముసలాయన గోడ పట్టుకుని ఆయాసం తీర్చుకున్నాడు. "అంత పెద్ద సంఖ్యను విరిచి చూడలేం కాబట్టి చిన్న సంఖ్యను సాక్షిగా పెట్టి పరీక్షిస్తాం. నువ్వు రెండును పెట్టావు. మూడును కూడా పెట్టి చూడు తల్లీ."

"రెండుతో నెగ్గింది కదా!"

"అసలు సంఖ్య పుట్టిందే రెండులోంచి. దాని ముక్క ఏదైనా రెండు దగ్గర నెగ్గి తీరుతుంది. కన్నతల్లిని సాక్ష్యం అడిగితే కొడుకు దొంగంటుందా?"

కంటినిండా నిద్రపోయిన మనిషైతే అక్కడే ఉలిక్కిపడేది. మేడమ్‌కు ఆ మాట చెవికెక్కలేదు.

"ఇవాళ మూడంటారు, రేపు ఐదంటారు. అసలు మీరెవరండీ?"

"అది చెప్పకూడదమ్మా. ఈ సాయంత్రంలోగా ఒక్కసారి..."

"తాతగారూ, మీకు దండం పెడతాను. నన్నొదిలేయండి."

ఆయన వెళ్ళిపోయాడు. మేడమ్ బల్ల మీద తల వాల్చేసింది.

వ్యాసం అచ్చయింది. వారం తిరక్కుండానే ఎవరో మూడుతో పరీక్షించి, పెద్ద ముక్క కూడా విరిగేదేనని తేల్చేశారు. పరువూ పోయింది, ఉద్యోగమూ పోయింది.

పత్రిక సంపాదకుడు ఫోన్ చేశాడు. "వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాం మేడమ్."

మేడమ్‌కు కడుపు మండిపోయింది. "మూడేళ్ళు నా రక్తం పీల్చాడు కదండీ ఆ పరిశీలకుడు! ఇంత తప్పు ఎలా వదిలేశాడు?"

"ఆలస్యంగా చూసుకున్నట్టున్నారమ్మా. అచ్చుకు ముందు రోజు ఫోన్ చేసి, సాయంత్రం దాకా ఆపమన్నారు. ఎందుకంటే చెప్పరు. వ్యాసం రాసిన అమ్మాయే ఫోన్ చేస్తుందన్నారు. చూసి చూసి అచ్చుకు పంపేశాను. తప్పు ఆయన చెబితే మేం కొట్టేయాలి, మీరే దిద్దుకుంటే నిలుస్తుంది. అదీ ఆయన ఆలోచనని ఇప్పుడు అర్థమవుతోంది."

"ఆయనతో ఒక్కసారి మాట్లాడించండి."

"ఎక్కడున్నారమ్మా! గుండె బాగాలేదు, గడప దాటొద్దని డాక్టర్లు చెప్పినా ఆ రోజు ఎక్కడికో వెళ్ళారట. తిరిగొస్తూ దారిలోనే పోయారు. ఎవరి కోసం వెళ్ళారో ఇంట్లోవాళ్ళకు కూడా తెలీదు."

మేడమ్‌కు మాత్రం తెలిసిపోయింది, తన ఉద్యోగం నిలబెట్టడానికి వచ్చిన జలగకు తనే దండం పెట్టి వీధి చూపించిందని.