చెల్లెలి పేరున లైసెన్సు

"లైసెన్సు మీ పేరునే కదమ్మా?" గుమ్మంలో నిలబడే అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"నా పేరునేనండీ," అంది చెల్లెలు గర్వంగా.

నగలు చేసేదీ, ఆన్‌లైన్‌లో అమ్మేదీ అక్కే. ఏడాదిగా ఏ లైసెన్సూ లేకుండా నెట్టుకొచ్చి, పోయిన నెల పట్టుబట్టి చెల్లెలి పేరున తీయించింది. "ఇక యజమానురాలివి నువ్వేనే" అంటే చెల్లెలు ఉబ్బితబ్బిబ్బయింది.

ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చి, అక్క ముందున్న ఆకుపచ్చ పూసల డబ్బాకు సీలు వేశాడు. "వీటిలో సీసం ఉంది. మీ గొలుసు నోట్లో పెట్టుకున్న పసిపాప ఆసుపత్రిలో ఉంది. లైసెన్సు ఎవరిదైతే కేసు వాళ్లమీదే."

చెల్లెలు సీలు పడిన డబ్బాకేసి చూసింది. "అయ్యో, మాకెవరూ చెప్పలేదండీ!"

"అదేంటమ్మా? మీ గొలుసు నోట్లో పెట్టుకున్నప్పటినుంచీ పాపకి ఒంట్లో బాగాలేదని వాళ్లమ్మ రెండు నెలల కిందటే మీకు మెసేజ్ పెట్టింది. 'చూస్తాం' అని జవాబు కూడా ఇచ్చారు."

రెండు నెలల కిందట. అప్పటికి లైసెన్సు మాటే లేదు.

చెల్లెలు మెల్లగా అక్కవైపు తిరిగింది. "అక్కా, నీకు ముందే తెలుసా?"

అక్క తలెత్తలేదు. చేతిలోని దారానికి ముడి వేస్తూనే అంది.

"నాకు పిల్లలున్నారే. నువ్వైతే ఒంటిదానివి."